గెడ్డ పూడితే వాన ఎటు పోవాలి?

విశాఖలో గంటసేపు గట్టి వాన పడితే చాలు, గెడ్డల్లో (వాన నీటిని మోసుకెళ్లే పెద్ద కాలువల్లో) పారాల్సిన నీరు ఇళ్లలోకి వస్తోంది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. బంగాళాఖాతమూ వేడెక్కుతోంది కాబట్టి, రోజంతా ముసురుగా పడాల్సిన వాన ఒక్క పూటలో కుమ్మరించేస్తోంది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపానప్పుడు చూశాం కదా. అలాగని తప్పంతా మబ్బులదే కాదు. జ్ఞానాపురంలో మా వీధి చివర గెడ్డలోకి మొన్న తొంగిచూస్తే ఖాళీ కొబ్బరి బోండాలు, థర్మాకోల్ పెట్టెలు, ఒక పాత పరుపు కనిపించాయి. పైన ఎవరో వేసుకున్న స్లాబు, దాని మీద టిఫిన్ బండి. వేసవిలో తీసిన పూడికను గట్టు మీదే పోసి వెళ్లారు, మొదటి వానకే అది మళ్లీ లోపలికి జారింది (బిల్లు మాత్రం జారి ఉండదు!). పూడికతీత మే నెలాఖరుకు ముగించి, తీసిన మట్టిని ఆ రోజే లారీల్లో తరలించాలి. గెడ్డల మీది స్లాబులు తీసేయాలి. కొత్త కాలువల వెడల్పు, లోతు పాత సగటు వానను బట్టి కాక, ఇప్పుడు గంటలో పడుతున్న గరిష్ఠ వానను బట్టి నిర్ణయించాలి.

- ఒక పాఠకుడు, జ్ఞానాపురం, విశాఖపట్నం