ఫతేపూర్ సిక్రీ ఖాళీ అయింది నీళ్లు లేకేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆగ్రా దగ్గర అక్బర్ రాజధానిగా కట్టించిన ఫతేపూర్ సిక్రీ గురించి ఎవరు రాసినా ‘నీళ్లు లేక వదిలేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నీటి ఎద్దడి ఉన్న మాట నిజమే, 1582లో అక్కడి చెరువు కట్ట కూడా తెగింది. కానీ అక్బర్ 1585లో లాహోర్ వెళ్లడానికి అసలు కారణం వాయవ్య సరిహద్దు గొడవలు. పాదుషా కదిలితే దర్బారు, సైన్యం, కార్ఖానాలు, బజారు అన్నీ వెంట కదులుతాయి, ఇక ఊళ్లో మిగిలేదెవరు? అయినా పూర్తిగా పాడుబడిందీ లేదు, ఆగ్రాలో ప్లేగు వచ్చినప్పుడు 1619లో జహంగీర్ కొన్నాళ్లు అక్కడే ఉన్నాడు.

కట్టడాల సంగతి ఇంకా అన్యాయం. అక్కడి మసీదు పెద్ద ద్వారం బులంద్ దర్వాజా ఫొటో వేసి ఊరుకుంటారు. దివాన్-ఇ-ఖాస్ అనే భవనం మధ్యలో ఒకే స్తంభం, దాని తల చుట్టూ 36 రాతి బ్రాకెట్లు, వాటి మీద గుండ్రటి వేదిక, అక్కడి నుంచి నాలుగు మూలలకూ రాతి వంతెనలు! ఎర్ర ఇసుకరాయిని చెక్కలా చెక్కి దూలాలూ స్తంభాలతో నిలబెట్టిన ఆ పనితనం గుజరాత్, రాజస్థాన్ శిల్పులది. ఐదంతస్తుల పంచ్ మహల్‌కు 176 స్తంభాలు.

మన గోల్కొండ కూడా ఇరుకై, నీళ్లు చాలకే 1591లో హైదరాబాద్ వెలసిందంటారు. అయితే కుతుబ్‌షాహీలు మూసీ దాటి పక్కనే కొత్త ఊరు కట్టారు, కోటనూ వదల్లేదు. ఫతేపూర్ సిక్రీనీ గోల్కొండనూ పక్కపక్కన పెట్టి, మ్యాపులతో మీ ఆదివారం సంచికలో ఓ కథనం వేయండి సార్.

— ఒక పాఠకుడు, మెహిదీపట్నం, హైదరాబాద్