పి.వి.సి. లేదని అమ్మిన ఆల్బమ్‌లో పాడైన గ్రీకు నాణేల గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

2023 జూన్‌లో మీ సంస్థ నుండి నాణేల ఆల్బమ్ ఒకటి, దానికి అదనపు పేజీలు పది కొన్నాను. పెట్టె మీదా రసీదు మీదా ‘పి.వి.సి. లేని ప్లాస్టిక్’ అని స్పష్టంగా అచ్చయి ఉంది. పి.వి.సి. (పాలీవినైల్ క్లోరైడ్) అంటే క్లోరిన్ కలిసిన, నాణేలను పాడుచేసే ప్లాస్టిక్. అది లేదన్న మాట నమ్మి, విదేశంలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్న ప్రాచీన గ్రీకు వెండి నాణేలను అందులో భద్రపరిచాను. ఈ మార్చిలో తెరిచి చూస్తే అయిదు నాణేల మీద జిగురుగా ఆకుపచ్చని పొర పేరుకుని ఉంది.

నా సేకరణ అంతా ఒకే అంశానికి సంబంధించినది: స్త్రీమూర్తుల శిరోభూషణాలు. పాపిటబిళ్ల, నాగరం, జడబిళ్లల పేర్లు వింటూ పెరిగినదానిని కనుక, గ్రీకు నగరాల నాణేల మీద దేవతలకూ జలకన్యలకూ చెక్కిన తల అలంకారాలు నన్ను మొదటి చూపులోనే కట్టిపడేశాయి. సిసిలీలోని గ్రీకు నగరం సిరాక్యూస్ వారి లిత్రా అనే చిన్న వెండి నాణెం ఒక గ్రాము కూడా తూగదు. అయినా దాని మీద జలకన్య అరెతూసా జుట్టును చుట్టిన ముత్యాల వరుసలాంటి పట్టీని గింజ గింజగా చూడవచ్చు. వెనుక జుట్టును పైకెత్తి పట్టే స్ఫెండోనె అనే పట్టీకి ఆ పేరు వడిసెల నుండి వచ్చింది. మధ్యలో వెడల్పుగా, కొసలకు సన్నగా ఉండటమే అందుకు కారణం. మీ ఆల్బమ్ వల్ల అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నది నల్లసముద్ర తీరంలోని సినోపె నగరపు ద్రాఖ్మా అనే వెండి నాణెం. దాని వెనుక వైపు చేపను, నిజానికి డాల్ఫిన్‌ను, పట్టిన సముద్రపు గద్ద ఉంటుంది. ముందు వైపు జలకన్య సినోపె, జుట్టంతా ‘సక్కోస్’ అనే గుడ్డ కుళ్లాయిలో ముడిచి ఉంటుంది. ఆ గుడ్డ ముడతలు ఉన్నచోట ఇప్పుడు సన్నని గుంటలు మిగిలాయి.

ఫోన్ చేసినప్పుడు మీ ప్రతినిధి ‘పాత వెండి నల్లబడటం సహజమే కదండీ’ అన్నారు. ఈ సమాధానాన్ని నేను అంగీకరించలేను. గంధకంతో కలిసి వెండి నల్లబడటం వేరు. ఆ నలుపు గీతల లోతుల్లో నిలిచి అల్లికను మరింత స్పష్టంగా చూపిస్తుంది కనుక నాణేలు సేకరించే మేము దానిని తుడిచివేయకుండా కాపాడుకుంటాము. పి.వి.సి. వేడికీ తేమకూ క్షీణించి విడుదల చేసే ఆమ్లం వెండిలో కలిసిన కొద్దిపాటి రాగిని తినివేయగా ఏర్పడే ఆకుపచ్చ జిగురు వేరు. అనుమాన నివృత్తి కోసం రాగి తీగను ఎర్రగా కాల్చి, మీ పేజీ ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా మారింది. ప్లాస్టిక్‌లో క్లోరిన్ వంటి మూలకం ఉంటే ఇలా జరుగుతుంది. స్వచ్ఛమైన ఎసిటోన్ అనే ద్రావణిలో నానబెట్టగా నాలుగు నాణేల పొర వదిలింది కానీ, సినోపె నాణెం లోహాన్నే ఆ ఆమ్లం తినివేసింది కనుక దానిని బాగుచేసే మార్గం లేదు.

అందువల్ల ఆల్బమ్, పేజీల పూర్తి ధరను, సినోపె నాణేనికి నేను చెల్లించిన మొత్తాన్ని తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అంతకంటే ముఖ్యంగా, ఈ రకం పేజీలను అమ్మకం నుండి ఉపసంహరించి, ఇప్పటికే కొన్నవారికి తక్షణం తెలియజేయండి. వారి నాణేలు ఈ క్షణం కూడా అదే ప్లాస్టిక్‌లో ఉన్నాయి. రసీదు, పెట్టె, నాణేల ఫొటోల ప్రతులను జతచేస్తున్నాను. కాల్చి చూసిన పేజీలో మిగిలిన ముక్క నా దగ్గరే ఉంది, మీరు ఏ ప్రయోగశాలలో పరీక్షించినా అభ్యంతరం లేదు.

ముప్పై రోజులలోగా లిఖితపూర్వకమైన జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు
హైదరాబాద్