మా ఎదురింటి బావకి కృతజ్ఞతలు

పోయిన బుధవారం అర్ధరాత్రి మా నాన్నని పలాస ఆస్పత్రికి చేర్చిన మా ఎదురింటి బావకి అందరి ముందూ చేతులెత్తి దండం పెడుతున్నాను. పేరు రాయొద్దన్నాడు. మన ఊరివాళ్లకి రాయనక్కర్లేదు కూడా.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. ఇక్కడ ఊరూరా కిడ్నీ జబ్బే. నాన్నకి మూడేళ్లుగా డయాలసిస్. ఆ వారం బంధువులింట్లో పెళ్లని ఒకసారి మానేశారు. 2018లో తిత్లీ తుపానుకి చెట్లన్నీ కూలిపోయాక నాన్న పెరట్లో ఒక కొబ్బరిమొక్క వేశారు, అది ఈ ఏడే కాపుకొచ్చింది. తన చేత్తో పెంచిన చెట్టు కదా, మనసాగక రెండు బొండాలు తాగేశారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి కొబ్బరినీళ్లు ఎందుకు వద్దంటారో మా వైపు పిల్లలకీ తెలుసు. అందులో పొటాషియం ఎక్కువ, గుండె మీదకొస్తుంది. రాత్రి పదకొండు దాటాక ఆయాసం మొదలైంది.

అంబులెన్సుకి ఫోన్ చేసి, నాన్నని మంచం మీద పడుకోబెట్టబోతున్నాను. ఈలోగా మా ఆవిడ వీధి దాటి వెళ్లి బావ తలుపు తట్టింది. నేనైతే వెళ్లేవాణ్ణి కాను.

లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు. "పడుకోబెట్టకురా, ఊపిరాడదు, కూర్చోబెట్టు" అన్నాడు. కొడుకు చేత కారు తీయించాడు. తను వెనక సీట్లో కూర్చుని నాన్నని గుండెకి ఆనించుకున్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, అదే ఫిస్టులా, ఉన్న ఎడం చెయ్యి నలగకుండా దారంతా తన అరచేతిలో పెట్టుకున్నాడు. మధ్యలో నాన్న దాహం దాహం అన్నారు. నేను సీసా మూత తీయబోతే, ఒంట్లో నీరు ఎక్కువైతే ఆయాసం పెరుగుతుంది వద్దని, తువ్వాలు కొస తడిపి పెదాలకి అద్దాడు. "మా అమ్మకీ ఇలాగే అద్దేవోణ్ణి" అన్నాడు.

ఆ మాటకి నేను తలెత్తలేకపోయాను. ఎందుకో చెప్పాలి.

2024 ఎన్నికలప్పుడు ఊరి వాట్సాప్ గ్రూపులో మా ఇద్దరికీ రోజూ గొడవే. డయాలసిస్ కేంద్రాలు మా హయాంలో వచ్చాయని ఒకరం, పలాసలో 200 పడకల ఆస్పత్రీ, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీళ్లూ మా హయాంలో వచ్చాయని ఒకరం. ఈ జబ్బు అసలెందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. రెండు జెండాల ఇళ్లలోనూ ఆస్పత్రి ఫైళ్లున్నాయి. అయినా ఒక రాత్రి ఆవేశంలో, "మీ అమ్మ అన్నాళ్లు బతికింది మా పార్టీ పుణ్యాన, ఆ ఇంటి మీద ఆ జెండా కట్టడానికి సిగ్గుండాలి" అని రాశాను. ఆవిడ పోయి అప్పటికి నాలుగు నెలలు కాలేదు. బావ ఒక్క మాట తిరిగి అనలేదు. గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మే 13న ఒకే బూత్‌లో ఏజెంట్లుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కపక్కనే కూర్చున్నాం, మాటల్లేవు. ఆ తరవాతా లేవు.

బావా, ఆ మాట అనకూడనిది. అందరి ముందే అన్నాను, అందరి ముందే క్షమించమని అడుగుతున్నాను. పోయిన అత్తనీ అడుగుతున్నాను.

తెల్లవార్లూ మెషీను దగ్గర నిలబడిన నర్సమ్మకీ, టెక్నీషియన్ తమ్ముడికీ, డీజిలు డబ్బులిస్తే చెయ్యి వెనక్కి లాక్కున్న మా అల్లుడికీ నమస్కారాలు. డయాలసిస్ నాలుగు గంటలూ బావ వరండాలోనే ఉన్నాడు. నాన్న కళ్లు తెరిచాక ఆయన కాళ్లు ఒకసారి నొక్కి, "మావా, ఇంకెప్పుడూ మానకు" అని వెళ్లిపోయాడు.

రాజకీయంగా నీతో నాకు కుదరదు, పంచాయతీ ఎన్నికలొస్తే నా జెండా నేను మోస్తాను, అది నీకూ తెలుసు. నాన్న ఇంటికొచ్చేశారు, అన్నం తింటున్నారు. చెట్టుకి ఇంకా తొమ్మిది బొండాలున్నాయి. అవన్నీ మీ ఇంటికే పంపమంటున్నారు. రేపు పొద్దున్న నేనే దింపించి తెస్తాను, తలుపు తియ్యి బావా.