సస్క్వెహన్నాలో బాస్ పట్టాలంటే లూర్ కంటే ముందు నీళ్లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో ప్రవాసుల పేజీ నేను వదలకుండా చదువుతాను. సభలు, పండగలు, వీసా కబుర్లు అన్నీ వస్తాయి, అవి వద్దనను, కానీ ఇక్కడ పెన్సిల్వేనియాలో ఎండలు మొదలయ్యాయంటే మనవాళ్లు ఎంతోమంది ఫిషింగ్ రాడ్లు పట్టుకుని సస్క్వెహన్నా నది ఒడ్డుకి వస్తున్నారు, వాళ్లకి పనికొచ్చే మాట మాత్రం తెలుగులో ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

వచ్చేవాళ్లలో చాలామంది గోదావరి పక్కనో కృష్ణ పక్కనో ఊరి చెరువు గట్టునో పెరిగినవాళ్లే. గాలానికి వానపాము గుచ్చి, బెండు మునిగేదాకా కూర్చోవడం మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. కప్ప లూర్‌తో, అంటే కప్పలా చేసిన బొమ్మ ఎరతో, కొరమీను పట్టే కుర్రాళ్లు కూడా ఇప్పుడు మన దగ్గర బాగానే ఉన్నారు. అయినా ఇక్కడ ఈ నదిలో ఉండే స్మాల్‌మౌత్ బాస్ అనే చేప దగ్గరకొచ్చేసరికి చాలామంది ఖాళీ చేతులతో ఇంటికి పోతున్నారు. కారణం నాకు స్పష్టంగా కనపడుతోంది. షాపుకెళ్లి డబ్బంతా లూర్ల మీద పోస్తారు, ఒకేచోట నిలబడి నది మధ్యకి చేయి ఎంత దూరం పోతే అంత దూరం విసురుతారు, పడకపోతే లూర్ మారుస్తారు, మళ్లీ మారుస్తారు, కానీ నిలబడ్డ చోటు మాత్రం మారరు. నదిలో బాస్‌ని పట్టేది మీ పెట్టెలో ఉన్న రంగులు కాదండీ, మీరు ఎక్కడికి విసిరారన్నదే.

ఈ నది న్యూయార్క్ రాష్ట్రంలో ఓట్సెగో సరస్సు దగ్గర మొదలై దాదాపు 444 మైళ్లు ప్రవహించి చెసాపీక్ బేలో కలుస్తుంది. హారిస్‌బర్గ్ దగ్గర ఇంచుమించు మైలు వెడల్పు ఉంటుంది, కానీ వేసవిలో చాలాచోట్ల మోకాలి లోతు మించదు, అడుగంతా రాతి పలకలు, గుండ్రాళ్లు. అంత నీళ్లు చూసి చేప ఎక్కడైనా ఉంటుందనుకుంటాం. ఉండదు. రోజంతా వడికి ఎదురీదుతూ ఉంటే తిన్న తిండి ఆ ఈతకే సరిపోదు, కాబట్టి అది రాయి చాటున, రాతి పలక అంచు కింద, దీవి చివర, నీళ్లు నిమ్మళించిన చోట నిలబడి పక్కనుంచి కొట్టుకొచ్చే తిండిని ఒక్క దూకులో అందుకుంటుంది. వడి నీళ్లూ నిమ్మళం నీళ్లూ రాసుకుంటూ పోయే చోట పైన ఒక గీతలా కనపడుతుంది, నురగా ఆకులూ ఆ గీత వెంటే పోతుంటాయి. లూర్ పడాల్సింది అక్కడ. పెద్ద రాయి వెనకే కాదు, ముందు కూడా నీళ్లు రాయికి తగిలి కొద్దిగా ఆగుతాయి, ఆ చిన్న జాగాలో ఒక్కోసారి మంచి చేప ఉంటుంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు.

నేర్చుకోవడానికి హారిస్‌బర్గ్‌కి కొంచెం ఎగువన రాక్‌విల్ బ్రిడ్జి మంచి చోటు. 1902లో కట్టిన రాతి రైలు వంతెన, 48 ఆర్చీలు. ఒక్కో స్తంభం కింద నీళ్లు ఎలా చీలి ఎలా సుడి తిరిగి మళ్లీ కలుస్తున్నాయో కాసేపు రాడ్ పక్కన పెట్టి చూడండి చాలు, నది మొత్తం అర్థమవడం మొదలవుతుంది. డంకానన్ దగ్గర జూనియాటా నది వచ్చి కలిసే చోటు కూడా అంతే, రెండు వడులు కలిసే గీత అక్కడ కళ్లకి కట్టినట్టు ఉంటుంది.

ఇక విసరడం. చేప తల ఎగువకే ఉంటుంది, తిండి దానికి ఎగువ నుంచే వస్తుంది, కాబట్టి లూర్ కూడా అటు నుంచే రావాలి. ఎగువకి ఏటవాలుగా విసిరి, లైన్ మరీ బిగించకుండా మరీ వదిలేయకుండా, వడితో పాటు రానివ్వాలి. ఇక్కడి స్మాల్‌మౌత్‌కి ఇష్టమైన తిండి క్రేఫిష్, అంటే పీత గోళ్లున్న చిన్న రొయ్యలాంటిది, రాళ్ల కింద ఉంటుంది. అందుకే ట్యూబ్ (గొట్టంలాంటి మెత్తటి ప్లాస్టిక్ లూర్) గానీ నెడ్ రిగ్ (బరువున్న హుక్‌కి గుచ్చిన పొట్టి ప్లాస్టిక్ పురుగు) గానీ, ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగులో, ఔన్సులో ఎనిమిదో వంతు బరువుతో మొదలుపెట్టండి. అడుగున రాళ్లకి టక్ టక్ అని తగులుతూ రావాలి. ప్రతిసారీ ఇరుక్కుపోతుంటే బరువు తగ్గించాలి, అసలు తగలకపోతే పెంచాలి. చేప లూర్‌ని పట్టుకున్నప్పుడు పెద్ద గుంజు ఏమీ ఉండదు చాలాసార్లు, లైన్ పక్కకి జరుగుతుంది, లేదా వస్తున్న టక్ టక్ ఆగిపోతుంది, అప్పుడే లాగాలి.

కాలాన్ని బట్టి మారేది పెద్దగా లేదు. నీళ్లు 50 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర చల్లగా ఉన్నప్పుడు జెర్క్‌బెయిట్ (చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి లూర్) రెండు కుదుపులు కుదిపి ఆపండి, మీకు విసుగొచ్చేంత సేపు ఆపండి, లూర్ ఆగినప్పుడే చేప కొడుతుంది. జూలై, ఆగస్టుల్లో తెల్లవారుజామున, పొద్దు వాలాక నీటి పైన తేలే లూర్లు. అవి మాత్రం ఒకసారి చూడాల్సిందే, నీళ్లు బద్దలై చేప గాల్లోకి లేస్తుంది. వానకి నీళ్లు మురికైతే రేకు తిరిగే స్పిన్నర్‌బెయిట్ వేసి ఒడ్డుకి దగ్గరగా లాగండి, వరదొచ్చినప్పుడు చేపలు వడి తప్పించుకుని ఒడ్డుకే వస్తాయి. రాడ్ మీడియం లైటు, ఏడడుగులది, ఎనిమిది పౌన్ల లైను. ఇంతకంటే ఖర్చు అక్కర్లేదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. పట్టిన బాస్‌ని వదిలేయండి. మన ఇళ్లలో చేప అంటే పులుసే, నాకూ తెలుసు, నాకూ ఇష్టమే. కానీ ఈ నదిలో 2005లో పిల్ల బాస్‌లకి జబ్బొచ్చి గుంపులుగా చచ్చిపోయాయి. పరాన్నజీవులు, రోగకారక క్రిములు, హార్మోన్లని దెబ్బతీసే రసాయనాలు ప్రధాన కారణాలు కావచ్చని 2015లో రాష్ట్ర సంస్థల అధ్యయనం చెప్పింది. నది కోలుకోవాలని, హారిస్‌బర్గ్ చుట్టుపక్కల బాస్‌ని పడితే అక్కడికక్కడే వదలాలని చేపల శాఖ వాళ్లు నిబంధన పెట్టారు. నిబంధనలు నది భాగాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి, వాళ్ల పుస్తకం చూసుకునే నీళ్లలో దిగండి. పదహారేళ్లు నిండినవాళ్లకి లైసెన్సు తప్పనిసరి. ఈ చేప చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పద్దెనిమిది, ఇరవై అంగుళాల బాస్ అంటే దాని వయసు పదేళ్ల దరిదాపుల్లో ఉంటుంది. పదేళ్లు బతికినదాన్ని ఒక్కపూట కూరకి తీసుకెళ్లడం నాకు ఎంతమాత్రం ఒప్పు అనిపించదు.

మే నెలలో ఇంకా జాగ్రత్త కావాలి. నీళ్లు 60 డిగ్రీలు దాటాక మగచేప తోకతో కంకరలో గుంట చేస్తుంది, ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, ఆ తర్వాత కాపలా అంతా తండ్రిదే. గుడ్లు పగిలి పిల్లలు ఈదేదాకా అక్కడే ఉంటుంది. ఆ సమయంలో ఏ లూర్ దగ్గరకొచ్చినా కొడుతుంది, ఆకలితో కాదు, పిల్లల్ని కాచుకోవడానికి. దాన్ని పట్టి ఫొటోలు తీసుకునే ఆ కాసేపట్లోనే చిన్న చేపలు వచ్చి గూడు ఖాళీ చేసేస్తాయి. నీళ్లలో తెల్లగా తుడిచినట్టున్న గుంట కనపడితే దయచేసి దూరం జరగండి. వదిలేటప్పుడు చేతులు తడి చేసుకోండి, హుక్ మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు ముందే శ్రావణంతో నొక్కేయండి, ఫొటో ఒక్కటి చాలు.

నది దగ్గరికి వెళ్లే ముందు ఫోన్లో హారిస్‌బర్గ్ దగ్గర నీటిమట్టం చూడండి, అందరికీ తెరిచి ఉన్న సమాచారమే. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నీళ్లు లేస్తాయి. తొడ దాటిన వడిలో నడవద్దు. హారిస్‌బర్గ్‌లో డాక్ స్ట్రీట్ డ్యామ్ పైనుంచి చూస్తే చిన్న మెట్టులా ఉంటుంది, దాని కింద నీళ్లు వెనక్కి తిరుగుతూ మనిషిని వదలవు, చాలామంది అక్కడ చనిపోయారు. కయాక్ వేసుకుని దాని చాయలకి కూడా పోకండి. నవంబర్ నుంచి ఏప్రిల్ చివరిదాకా కయాక్‌లో లైఫ్ జాకెట్ వేసుకోవడం ఇక్కడ చట్టం, మిగతా నెలల్లో కూడా తీయకండి. వీసా మీద కొత్తగా వచ్చిన పిల్లలు, ఈత రానివాళ్లు గుంపుగా దిగుతుంటే చూసి నాకు చాలా టెన్షన్‌గా ఉంటోంది.

వీలైతే ఈ ఉత్తరాన్ని ఏప్రిల్‌లోపు వేయండి, మేలో అయితే గూళ్ల కాలం అప్పటికే మొదలైపోతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
హారిస్‌బర్గ్, పెన్సిల్వేనియా