డాక్యుమెంటరీల వరుసలో కల్పిత చిత్రం: ఒక ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: ‘మేరీ క్వీన్ ఆఫ్ స్కాట్స్’ (2018) చిత్రానికి మీరు ఇచ్చిన తప్పుడు పరిచయం గురించి.

అయ్యా,

నేను మీ సంస్థ చందాదారును. డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. ఈ చిత్రాన్ని మీరు చరిత్ర డాక్యుమెంటరీల వరుసలో పెట్టారు. కింద తెలుగులో ‘ఇద్దరు రాణుల ముఖాముఖి, జరిగింది జరిగినట్టుగా’ అని రాశారు. ఆ ముఖాముఖి జరగనే లేదు.

స్కాట్లాండ్ రాణి మేరీ, ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ జీవితంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. 1562లో కలవడానికి ఏర్పాట్లు చేసుకున్నారు. ఫ్రాన్స్‌లో మతయుద్ధం రాజుకోవడంతో ఎలిజబెత్ వాయిదా వేసింది. 1568లో స్కాట్లాండ్ నుంచి పారిపోయి ఇంగ్లండ్‌ను ఆశ్రయించిన మేరీని దాదాపు 19 ఏళ్లు నిర్బంధంలో ఉంచారు. ఒక్కసారి దర్శనం ఇమ్మని ఆమె ఉత్తరాల్లో ప్రాధేయపడుతూనే ఉంది. 1587 ఫిబ్రవరి 8న ఫాదరింగే కోటలో ఆమె తల నరికే నాటికి కూడా ఆ కోరిక తీరలేదు. 1612లో కొడుకు జేమ్స్ తల్లి భౌతికకాయాన్ని, ఎలిజబెత్ సమాధి ఉన్న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చికి తెప్పించాడు. ఇద్దరూ ఒకే కప్పు కిందకు చేరింది అప్పుడే. ఎదురుపడటానికి ఎలిజబెత్ ఒప్పుకోకపోవడమే ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. మీ ఒక్క వాక్యం దాన్ని తుడిచేసింది.

చిత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆరేసిన బట్టల మధ్య రాణులిద్దరూ ఒకరినొకరు వెతుక్కునే సన్నివేశం నాకు ఎంతో నచ్చింది. అలా ఊహించే హక్కు కళాకారులకు ఉంది. జర్మన్ నాటకకర్త షిల్లర్ 1800లోనే వాళ్లను రంగస్థలం మీద కలిపాడు. ఊహను ఊహగా చెప్పవలసిన బాధ్యత మాత్రం మీది.

మా విద్యార్థిని ఒకరు, మేరీ స్వయంగా ఎలిజబెత్‌ను కలిసి సైన్యం కోరిందని జవాబు రాసింది. ఆధారం అడిగితే మీ పరిచయాన్నే చూపించింది. ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. ఈ రాణుల గురించి తెలుగులో చదవడానికి దొరికేది చాలా తక్కువ. అందువల్ల మీరు రాసే నాలుగు వాక్యాలే చాలామందికి పాఠం అవుతాయి.

మీ సేవాకేంద్రానికి ఫోను చేస్తే, చందా సొమ్ము తిరిగి ఇస్తామన్నారు. నాకు సొమ్ము అక్కర్లేదు. చిత్రాన్ని కథాచిత్రాల విభాగంలోకి మార్చండి. ‘జరిగింది జరిగినట్టుగా’ అన్న మాట తీసేసి, రాణుల భేటీ కల్పితమని పరిచయంలోనే స్పష్టంగా రాయండి. ఆ వరుసలోని మిగతా చిత్రాలను కూడా చరిత్ర తెలిసినవారితో సరిచూపించండి. ఏం మార్చారో నాకు రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ చందాదారు,
చరిత్ర అధ్యాపకుడు