పండగ ముందే సర్వర్లు ఎందుకు రీస్టార్ట్ చేశామంటే

మా సర్వర్ల మీద వెబ్‌సైట్లు నడుపుతున్న కస్టమర్లందరికీ నమస్కారం.

బుధవారం అర్ధరాత్రి దాటాక మీ వెబ్‌సైట్లు కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ వచ్చాయి. సాయంత్రమే మెసేజ్ పెట్టినా చాలామంది ఫోన్ చేశారు. చీరల షాపు నడిపే ఒకాయనైతే సూటిగానే అడిగారు: "డేటా ఏమీ పోలేదంటున్నారు, మన మీద ఎవరూ దాడి చేయలేదంటున్నారు. దసరా ఆర్డర్లు వచ్చే టైములో ఈ పని పెట్టుకోవాలా? పండగయ్యాక చేస్తే ఏం పోయింది?" ఆయన అడిగింది న్యాయమే. అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

2023 అక్టోబరు 10న గూగుల్, వెబ్‌సైట్లకు రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్, అమెజాన్ ఒకేసారి ఒక లోపాన్ని బయటపెట్టాయి. పేరు రాపిడ్ రీసెట్, భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2023-44487. ఇది ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని బగ్ కాదు. బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ/2 పద్ధతిలోనే ఉంది. 2015లో వచ్చిన ఆ పద్ధతిని ఇప్పుడు చాలామంది వాడుతున్నారు, మనతో సహా.

ఒకే కనెక్షన్ మీద బ్రౌజర్ చాలా ఫైళ్లు ఒకేసారి అడగవచ్చు. దానికి ఒక హద్దు ఉంటుంది, మామూలుగా వంద చుట్టుపక్కల. అడిగింది వద్దనుకుంటే క్యాన్సిల్ కూడా చేయవచ్చు. పేజీ సగం లోడయ్యాక మీరు వెనక్కి వెళ్లిపోతే జరిగేది అదే. చిక్కంతా ఇక్కడే. క్యాన్సిల్ చేసిన మరుక్షణం ఆ రిక్వెస్టు లెక్కలోంచి పోతుంది కాబట్టి హద్దు ఎప్పటికీ నిండదు. సర్వర్ మాత్రం అప్పటికే పని మొదలుపెట్టేసి ఉంటుంది. టిఫిన్ సెంటర్లో ఒకడు దోసె చెప్పడం, పిండి పెనం మీద పడగానే వద్దనడం, వెంటనే ఇంకోటి చెప్పడం... పొద్దస్తమానం ఇదే పనిగా పెట్టుకుంటే ఎలా ఉంటుంది? వాడి పేర ఒక్క దోసె కూడా లెక్కలో కనబడదు. మాస్టరుకి మాత్రం ఊపిరాడదు, వెనక నిలబడ్డ అసలు గిరాకీకి ప్లేటు అందదు.

ఆగస్టు నుంచే ఈ కిటుకుతో దాడులు జరిగాయి. గూగుల్ మీద జరిగినది సెకనుకు 39.8 కోట్ల రిక్వెస్టుల దాకా వెళ్లింది. సెప్టెంబరు నెలంతా వికీపీడియా వ్యాసాలను జనం ఎన్నిసార్లు తెరిచారో, ఆ దాడి సాగిన రెండు నిమిషాల్లో అంతకంటే ఎక్కువ రిక్వెస్టులు వచ్చాయని వాళ్లే చెప్పారు. నాకు టెన్షన్ పెట్టింది ఈ అంకె కాదు. క్లౌడ్‌ఫ్లేర్ మీద సెకనుకు 20.1 కోట్ల రిక్వెస్టులు కురిపించిన బాట్‌నెట్‌లో (దాడి చేసేవాళ్లు తమ చేతిలోకి తెచ్చుకున్న మెషీన్ల గుంపులో) ఉన్నవి దాదాపు 20,000 మెషీన్లే. అంటే మనలాంటి చిన్న సర్వర్‌ను పడుకోబెట్టాలంటే అందులో పిసరంత చాలు.

పండగ దాకా ఆగకపోవడానికి కారణం ఇదే. పదో తారీఖు ముందు ఈ కిటుకు కొద్దిమందికే తెలుసు. ఇప్పుడు వివరాలన్నీ బయటికొచ్చాయి, ఎవరైనా చదువుకుని ప్రయత్నించవచ్చు. "డేటా పోదు కదా, సైట్ ఆగుతుందంతే" అని ఇలాంటి లోపాలను చాలాచోట్ల చేయాల్సిన పనుల జాబితాలో అడుగున పడేస్తారు. నేను ఒప్పుకోను. దసరా వారంలో రెండు గంటలు సైట్ తెరుచుకోకపోతే ఆ చీర కొనాల్సిన మనిషి ఇంకో షాపులో కొనేస్తుంది. మన దగ్గర డయాగ్నస్టిక్ ల్యాబులు కూడా ఉన్నాయి. డాక్టరు ముందు కూర్చుని ఫోన్లో రిపోర్టు తెరుస్తున్న పేషెంటుకు "సైట్ ఆగిందంతే" అని చెప్పగలమా?

ఏం చేశామో చెబుతాను. ప్యాచ్ (లోపాన్ని సరిచేసే మార్పు) వచ్చిన సాఫ్ట్‌వేర్ అంతా అప్‌డేట్ చేశాం. మన సైట్లను బ్రౌజర్లకు అందించే ఎన్‌జిన్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కనెక్షన్ మీద వెయ్యి రిక్వెస్టులు దాటితే దాన్ని తెంచేసే సెట్టింగ్ ముందే పెట్టి ఉంటుంది, ఈ దాడికి అది బాగా అడ్డుపడుతుంది. వేరే చోటి నుంచి మన దగ్గరికి మారిన కొన్ని సర్వర్లలో వేగం కోసం ఆ అంకె బాగా పెంచి ఉంది. వాటిని మళ్లీ వెయ్యికి తెచ్చాం. ప్యాచ్ ఇంకా రానిచోట హెచ్‌టీటీపీ/2నే ఆపేశాం. బొమ్మలు ఎక్కువున్న సైట్లు కాస్త నెమ్మదిగా అనిపిస్తాయి. ప్యాచ్ రాగానే మళ్లీ ఆన్ చేస్తాం.

ఇకమీదట ఏ దాడీ మనల్ని ఏమీ చేయలేదని మాత్రం చెప్పను. ఈ ప్యాచ్ మూసింది ఈ ఒక్క దారినే. లైను నిండేంత ట్రాఫిక్‌ను ఎవరైనా పంపితే మన సర్వర్ దాకా రాకముందే ఆపాలి, అది పెద్ద నెట్‌వర్కులున్న సీడీఎన్‌ల (మన సైటుకు ముందు నిలబడి ట్రాఫిక్ అందుకునే సర్వీసుల) వల్లే అవుతుంది. ఆన్‌లైన్ అమ్మకాల మీదే నడిచే వాళ్లు సీడీఎన్ పెట్టించుకోండి, ఉచిత ప్లాన్లు కూడా ఉన్నాయి. సెట్ చేసి ఇచ్చినందుకు మేం ఏమీ తీసుకోం. మొన్న రాత్రి పనికి కూడా బిల్లులో ఏమీ కలపడం లేదు.

సొంత సర్వర్ ఉండి, లోపలి సాఫ్ట్‌వేర్ మీరే చూసుకుంటుంటే దాన్ని మేం ముట్టుకోలేదు. ఈ లోపం పోవాలంటే, వెబ్ ప్రోగ్రాములు రాసి నడపడానికి వాడే వాటిలో టామ్‌క్యాట్ 9 అయితే 9.0.81, నోడ్ 18 అయితే 18.18.2, నోడ్ 20 అయితే 20.8.1, గో 1.21 అయితే 1.21.3 లేదా వాటి తర్వాతివి ఉండాలి. గో విషయంలో వెర్షన్ మారిస్తే సరిపోదు, మీ ప్రోగ్రామ్‌ను మళ్లీ బిల్డ్ చేయాలి. ఏ వెర్షన్ ఉందో తెలియకపోతే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, ఎలా చూడాలో చెబుతాం. నవరాత్రుల్లో కూడా మా వాళ్లు ఒకరు ఆఫీసులోనే ఉంటారు.