బోర్డు పోలేదు, జుట్టు అడ్డం పడింది

సంపాదకులకు,

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి చుట్టాలకు కొదవ ఉండదని మీకు చెప్పక్కర్లేదు. పోయిన నెల మా ఆడపడుచు వాళ్ళు బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చారు. కల్యాణకట్టలో పెద్దవాళ్ళు కూడా గుండు చేయించుకుని, ఆ తడి బట్టలన్నీ ఒక కవర్లో కుక్కి కొండ దిగారు. "వదినా, మెషిన్‌లో వేసెయ్, రాత్రి రైలుకి పోవాల" అంటే సరేనని రెండు విడతలు వేశాను. వాళ్ళు ఊరికి చేరారో లేదో, మర్నాడు మా వాషింగ్ మెషిన్ సగంలో ఆగిపోయింది. లోపల సబ్బు నీళ్ళు, అందులో బట్టలు, తలుపు రాదు, పైన 'ఓఈ' అని రెండక్షరాలు మెరుస్తాయి. ఆపి మళ్ళీ వేస్తే కాసేపు గుర్రుమని అక్కడే ఆగుతుంది.

మెకానిక్ సాయంత్రం వచ్చాడు. కనీసం వంగి చూడలేదండీ. నిలబడే రెండు బటన్లు నొక్కి, "బోర్డు పోయిందక్కా, 7,200 అవుతుంది" అన్నాడు. బోర్డంటే మెషిన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ పలక. వచ్చినందుకు 400 తీసుకున్నాడు, బిల్లు అడిగితే "దీనికి కూడా బిల్లా?" అని నవ్వాడు. కొండమీద నిలువుదోపిడి అయితే మొక్కుకుని ఇస్తాం, ఇది మొక్కుకోకుండానే ఇచ్చేది.

రాత్రి మా తమ్ముడికి ఫోన్ చేశాను, వాడు రేణిగుంటలో నీళ్ళ మోటార్లు రిపేరు చేస్తాడు. వాడు అడిగింది ఒకటే మాట: "అక్కా, ఎక్కడ ఆగింది?" నీళ్ళు ఎక్కేటప్పుడు ఆగిందా, పోయేటప్పుడా, బట్టలు పిండేటప్పుడా అని. నీళ్ళు బయటికి పోవడం లేదని చెబితే, 'ఓఈ' అంటే అదేనని, ముందు కింద ఫిల్టర్ చూడమన్నాడు. ఆరేళ్ళుగా వాడుతున్నా, ముందు వైపు కింద మూలన చిన్న మూత ఉందని నాకు ఆ రోజే తెలిసింది!

ప్లగ్ పీకేసి, మూత తెరిచి, పక్కనున్న సన్నటి గొట్టం బిరడా తీసి పళ్ళెం పెట్టాను. ఐదారు పళ్ళేల నీళ్ళు పారబోశాక గుండ్రటి ఫిల్టర్ తిప్పి లాగితే బయటికొచ్చింది చూడండి, పిడికెడు జుట్టు! బట్టల నూగుతో కలిసి, సబ్బు పట్టి, తడి కొబ్బరి పీచులా ముద్దకట్టింది. దాని మధ్యలో ఒక పిన్నీసు, రెండ్రూపాయల బిళ్ళ. లోపల పంపు రెక్కకి చుట్టుకున్న నాలుగు వెంట్రుకలు కూడా లాగాక వేలితో తిప్పితే రెక్క తిరిగింది. కొంచెం ఆగి ఆగి తిరిగితే భయపడొద్దు, లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అది అలాగే తిరుగుతుంది. ఫిల్టర్ కడిగి గట్టిగా బిగించి వేస్తే గంటలో బట్టలు బయటికొచ్చాయి. వేడినీళ్ళతో ఉతికేటప్పుడు ఆగితే మాత్రం చల్లారేదాకా ఆ మూత జోలికి పోవద్దు, చెయ్యి కాలుతుంది.

ఇంకోమాట. మొదట్లోనే ఆగి, 'ఐఈ' అని చూపిస్తే అది నీళ్ళు రాని తంటా (అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి). మన బోరు నీళ్ళకి వెనక పైపు బిగించే చోట ఉండే చిన్న జల్లెడ తెల్లగా సున్నం పట్టి మూసుకుపోతుంది, కుళాయి కట్టేసి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే చాలు. పై అంతస్తు ఇళ్ళలో ట్యాంకు నెత్తిమీదే ఉంటుంది కాబట్టి నీళ్ళు సన్నగా వస్తాయి, అలాంటప్పుడు కూడా మెషిన్ చూసి చూసి ఆగిపోతుంది. పిండే దగ్గర ఆగితే ఒక్క దుప్పటే వేశారేమో చూడండి, బరువంతా ఒకపక్కకి చేరుంటుంది.

బోర్డులు పోవని నేననను, కరెంటు హెచ్చుతగ్గులకి పోతాయి. కానీ ఫిల్టర్ విప్పి చూడకుండా బోర్డు అనేవాళ్ళకి డబ్బులివ్వొద్దు, మార్చిన పాత సామాను మనకే ఇమ్మనండి. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు. ఈ సంగతి నాకు ఆ 400 పోయాకే తెలిసింది.

మెషిన్లు అమ్మే షాపులవాళ్ళకి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. బిగించడానికి వచ్చే అబ్బాయి పద్దెనిమిది ప్రోగ్రాములు గుక్కతిప్పుకోకుండా చెప్తాడు, ఆ కింది మూత మాత్రం చూపించడు. మాకిచ్చిన పుస్తకంలో ఒక్క ముక్క తెలుగు లేదు. ఆ మూత ఒకసారి మా చేత తీయించి చూపించమనండి, ఫిల్టర్ కడిగే పద్ధతి ఒక కాగితం మీద తెలుగులో రాసి మెషిన్‌కి అంటించి పంపమనండి.

ఇట్లు,
ఒక గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి